‘మేక్ కొడితే చాలు’ అని రాసే ముందు: ఓపెన్ సోర్స్ మెయింటెయినర్లకు బహిరంగ లేఖ

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడుపుతున్న మెయింటెయినర్లకు,

నమస్కారం. మీ సాఫ్ట్‌వేర్‌ను రెడీమేడ్ ప్యాకేజీగా కాకుండా సోర్స్ నుంచి బిల్డ్ చేసుకునేవాళ్లం, అంటే కోడ్‌ను మా మెషీన్‌లోనే కంపైల్ చేసి నడిచే ప్రోగ్రామ్‌గా కట్టుకునేవాళ్లం మేము. మాలో డెబియన్, ఫెడోరా లాంటి లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లకు ప్యాకేజీలు కట్టేవాళ్లున్నారు. మీరు బైనరీలు (సిద్ధంగా కంపైల్ చేసిన ఫైళ్లు) ఇవ్వని ప్రాసెసర్ల మీద పనిచేసేవాళ్లున్నారు. ఒక బగ్ సరిచేసి పంపుదామని మొదటిసారి మీ రిపాజిటరీ తెరిచినవాళ్లూ ఉన్నారు. మేము అడిగేది ఒక్కటే. బిల్డ్ సూచనలను కోడ్‌లో భాగంగా చూడండి. కోడ్‌ను టెస్ట్ చేసినట్టే వాటినీ టెస్ట్ చెయ్యండి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సపోర్ట్ ఉందని చెబుతున్నారో ఆ సిస్టమ్ మీద, ఇంకా ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యని మెషీన్‌లో, మొదటి లైను నుంచి చివరి లైను దాకా నడిపి చూడండి.

ఇది మర్యాద కోసం అడుగుతున్నది కాదు. 1991లో వచ్చిన జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ రెండో వెర్షన్, పూర్తి సోర్స్ కోడ్ అంటే ఏమిటో మూడో సెక్షన్‌లో చెబుతూ, మాడ్యూళ్ల సోర్స్‌తో పాటు కంపైల్‌నూ ఇన్‌స్టలేషన్‌నూ నడిపించే స్క్రిప్టులను కూడా అందులో చేర్చింది. మీ లైసెన్స్ ఎంఐటీ కావచ్చు, అపాచీ కావచ్చు, ఆ షరతు మీకు వర్తించకపోవచ్చు. కారణం మాత్రం అందరికీ ఒకటే. బిల్డ్ కాని సోర్స్‌ను చదవగలం గానీ, దానిలో ఏదైనా మార్చి, ఆ మార్పు పనిచేసిందో లేదో చూడలేం.

చాలా రీడ్‌మీ ఫైళ్లలో కనిపించేవి మూడే కమాండ్లు: మెషీన్‌లో ఏమున్నాయో చూసే కాన్ఫిగర్, కంపైల్ చేయించే మేక్, ఫైళ్లను వాటి చోట పెట్టే మేక్ ఇన్‌స్టాల్. ఆ మూడూ రిలీజ్ టార్‌బాల్‌కు, అంటే రిలీజ్‌గా ఇచ్చే సోర్స్ ఆర్కైవ్ ఫైలుకు, సరిపోతాయి. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ నుంచి క్లోన్ (కాపీ) చేస్తే చాలా ప్రాజెక్టుల్లో కాన్ఫిగర్ అనే ఫైలే ఉండదు. దాన్ని ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ కలిసి తయారుచెయ్యాలి, అందుకు ముందు ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ నడపాలి. ఇక్కడే ఓ పాత ఉచ్చు ఉంది. లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ ఇన్‌స్టాల్ కాని మెషీన్‌లో దాని మ్యాక్రోలు (విస్తరించి అసలు కోడ్‌గా మారాల్సిన పేర్లు) ఉన్న పీకేజీ.ఎం4 దొరకదు. అయినా ఆటోరీకాన్ఫ్ చాలాసార్లు ఫిర్యాదు లేకుండా ముగుస్తుంది, కాన్ఫిగర్ ఫైలు తయారవుతుంది, నడవడం మొదలుపెడుతుంది. ఎక్కడో వేల లైన్ల తర్వాత ‘సింటాక్స్ ఎర్రర్ నియర్ అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్’ అని ఆగిపోతుంది. ఆ లైన్లో పీకేజీ_చెక్_మాడ్యూల్స్ అనే మ్యాక్రో విస్తరించకుండా అలాగే మిగిలి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు షెల్ స్క్రిప్టులో తప్పుందనుకుని ఆ ఫైలును దిద్దడం మొదలుపెడతారు. చెయ్యాల్సిందల్లా పీకేజీ-కాన్ఫిగ్ ఇన్‌స్టాల్ చేసి ఆటోరీకాన్ఫ్‌ను మళ్లీ నడపడమే. మీ వైపు నుంచి ఒక్క లైను చాలు. కాన్ఫిగర్‌కు మూలమైన కాన్ఫిగర్.ఏసీలో ఎం4_ప్యాటర్న్_ఫర్బిడ్ పెట్టి, పీకేజీ_తో మొదలయ్యే పేరేదీ విస్తరించకుండా మిగలకూడదని చెబితే, తప్పు కాన్ఫిగర్ తయారయ్యే దశలోనే, అర్థమయ్యే మాటల్లో బయటపడుతుంది.

కాబట్టి సూచనల్లో మొట్టమొదట తేల్చాల్సింది: ఇవి గిట్ చెకవుట్‌కా, టార్‌బాల్‌కా? గిట్ అయితే సబ్‌మాడ్యూళ్లు (లోపల చేర్చిన వేరే రిపాజిటరీలు) ఉన్నాయా? ఉంటే క్లోన్ చేసేటప్పుడే --రికర్సివ్ ఇవ్వమని రాయండి. మరిచిపోయినవాళ్ల కోసం గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్ అనే లైనూ పక్కనే ఉంచండి. గిట్‌హబ్ ప్రతి రిలీజ్ కిందా తనంతట తాను పెట్టే ‘సోర్స్ కోడ్’ జిప్‌లో సబ్‌మాడ్యూళ్లు రావు, గిట్ చరిత్రా రాదు. మీ బిల్డ్ స్క్రిప్ట్ వెర్షన్ నంబరును గిట్ డిస్క్రైబ్ నుంచి తీసుకుంటుంటే ఆ జిప్‌తో బిల్డ్ అక్కడే ఆగుతుంది, లేదా ప్రోగ్రామ్ తన వెర్షన్ సున్నా అని చెప్పుకుంటుంది. ఆ జిప్ పనికిరాదని రిలీజ్ నోట్స్‌లో చెప్పండి. చెప్పకపోతే కొత్తవాళ్లు ముందుగా నొక్కేది ఆ లింకే.

టార్‌బాల్‌కూ గిట్‌కూ తేడా ఉండటం ఎంత ప్రమాదమో 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో అందరం చూశాం. 5.6.0, 5.6.1 రిలీజుల్లో దాగిన బ్యాక్‌డోర్‌ను (దొంగదారిని) మేల్కొలిపే బిల్డ్-టు-హోస్ట్.ఎం4 మార్పు టార్‌బాల్‌లో ఉంది, గిట్‌లో లేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ఉండాల్సినదానికన్నా నెమ్మదిగా ఉందేమిటని తవ్వితే బయటపడింది. గిట్ ట్యాగ్ నుంచి టార్‌బాల్‌ను ఎవరైనా మళ్లీ తయారుచేసి రెంటినీ పోల్చుకునేలా, ఆ తయారీ కమాండ్లను కూడా రాసి పెట్టండి. ఎందులో ఏ ఫైలు ఎందుకు అదనంగా ఉందో అప్పుడు అందరికీ తెలుస్తుంది.

ఇక డిపెండెన్సీలు, అంటే మీ కోడ్ ఆధారపడే ఇతర లైబ్రరీలు. ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కావాలి’ అని రాస్తే లైబ్రరీ పేరు చెప్పినట్టే గానీ ఏం ఇన్‌స్టాల్ చెయ్యాలో చెప్పినట్టు కాదు. రన్ చెయ్యడానికి లైబ్రరీ ఉంటే సరిపోతుంది, బిల్డ్ చెయ్యడానికి లైబ్రరీలో ఏమున్నాయో కంపైలర్‌కు చెప్పే హెడర్ ఫైళ్లు కూడా కావాలి. అవి డెబియన్, ఉబుంటులలో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ అనే ప్యాకేజీలో ఉంటాయి. ఫెడోరాలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్, ఆల్పైన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్. ఆర్చ్‌లో హెడర్లు విడిగా ఉండవు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలోనే వస్తాయి. కంపైలర్ సెట్‌కు కూడా తలా ఒక పేరు: డెబియన్‌లో బిల్డ్-ఎసెన్షియల్, ఆర్చ్‌లో బేస్-డెవెల్, ఆల్పైన్‌లో బిల్డ్-బేస్. వీటికి గుర్తుపెట్టుకోదగ్గ సూత్రమేదీ లేదు, ఒక్కొక్కటిగా రాయక తప్పదు. ఒక్కో డిస్ట్రిబ్యూషన్‌కు ఒక్కో లైను, నేరుగా కాపీ చేసి టెర్మినల్‌లో అతికించేలా ఉంటే చాలు. ఫెడోరాలో ఒక సౌకర్యం ఉంది: దాని ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్‌కు ప్యాకేజీ పేరుకు బదులు పీకేజీకాన్ఫిగ్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్) అని మాడ్యూల్ పేరు కొటేషన్ గుర్తుల మధ్య ఇచ్చినా సరైన ప్యాకేజీని అదే వెతుక్కుంటుంది. మీ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఇప్పటికే డిస్ట్రిబ్యూషన్‌లో ఉంటే డెబియన్‌లో యాప్ట్ బిల్డ్-డెప్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ బిల్డ్‌డెప్ చాలావరకు పని ముగిస్తాయి. డెబియన్‌లో దానికి ముందు సోర్స్ రిపాజిటరీలను ఆన్ చెయ్యాలని మాత్రం చెప్పండి. లేకపోతే అది మొదటి అడుగులోనే ఆగుతుంది.

ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అనేది వేరుగా చూపించండి. ఒక లైబ్రరీ దొరక్కపోతే కాన్ఫిగర్ నోరు మెదపకుండా ఆ ఫీచర్‌ను వదిలేసి ముందుకు పోవడం మాకు అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తుంది. బిల్డ్ విజయవంతంగా ముగుస్తుంది. వారం తర్వాత ఎవరో పీఎన్‌జీ ఫైలు తెరవబోతే ‘సపోర్ట్ లేదు’ అంటుంది. కాన్ఫిగర్ చివర్లో ఏ ఫీచర్ ఉంది, ఏది లేదు, ఏ లైబ్రరీ లేనందువల్ల లేదు అని ఒక పట్టిక ప్రింట్ చెయ్యండి. యూజర్ --విత్-పీఎన్‌జీ అని స్వయంగా అడిగినప్పుడు అది దొరక్కపోతే అక్కడికక్కడే ఆగిపోవాలి.

లైనక్స్ అంటే ఒకే లైనక్స్ కాదని చెప్పడానికి ఆల్పైన్ చాలు. దానిలో సీ లైబ్రరీ (ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఉండే జీలిబ్‌సీ కాదు, మజిల్. ఎగ్జెక్‌ఇన్‌ఫో.హెచ్, ఎఫ్‌టీఎస్.హెచ్ లాంటి హెడర్లు దానిలో లేవు కాబట్టి బ్యాక్‌ట్రేస్ ప్రింట్ చేసే కోడ్ కంపైల్ దగ్గరే పడిపోతుంది. అది మంచిదే, వెంటనే తెలుస్తుంది. కంపైల్ అయి, తర్వాత రన్ చేసేటప్పుడు కుప్పకూలేది ఇంకొకటి ఉంది. మజిల్‌లో ఒక థ్రెడ్‌కు మామూలుగా ఇచ్చే స్టాక్ 128 కిలోబైట్లు, జీలిబ్‌సీలో సాధారణంగా 8 మెగాబైట్లు. లోతైన రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) ఉన్న ప్రోగ్రామ్ ఉబుంటులో నడిచి ఆల్పైన్‌లో సెగ్‌ఫాల్ట్ అయితే (మెమరీ తప్పుతో కూలితే) ముందు అనుమానించాల్సింది దీన్నే. థ్రెడ్ సృష్టించేటప్పుడు స్టాక్ సైజును మీ కోడ్‌లోనే చెబితే రెండు చోట్లా నడుస్తుంది.

జీలిబ్‌సీ ఉన్నచోట ఇంకో సమస్య. కొత్త సిస్టమ్‌లో బిల్డ్ చేసిన బైనరీని పాత సిస్టమ్‌కు తీసుకెళితే ‘జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’ అంటుంది. 2021 ఆగస్టులో వచ్చిన 2.34 వెర్షన్‌లో థ్రెడ్ల లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు. అందుకే ఈ నంబరే తరచుగా ఎదురవుతుంది. పాత జీలిబ్‌సీ మీద బిల్డ్ చేసినది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేసినది పాతదాని మీద నడవదు. బైనరీలు మీరే ఇస్తుంటే, మీరు సపోర్ట్ చేసే సిస్టమ్‌లలో అన్నిటికన్నా పాతదాని మీద బిల్డ్ చెయ్యండి. డిస్ట్రిబ్యూషన్ పేరుతో పాటు కనీస జీలిబ్‌సీ నంబరు కూడా రాయండి.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి రన్ చేస్తే ‘ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్’ రావడం చాలా మామూలు. లైబ్రరీ /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లోకి వెళ్లింది గానీ, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీలను వెతికే లోడర్ తన జాబితాను ఇంకా తాజా చేసుకోలేదు. డెబియన్ కుటుంబంలో ఎల్‌డీకాన్ఫిగ్‌ను రూట్‌గా ఒకసారి నడిపితే సరిపోతుంది. ఆ ఫోల్డరే జాబితాలో లేని సిస్టమ్‌లలో ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీలో ఒక ఫైలు చేర్చి అప్పుడు నడపాలి. దీనికి మందుగా ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను షెల్ ప్రొఫైల్‌లో శాశ్వతంగా పెట్టమని రాయకండి. సంబంధం లేని ప్రోగ్రాములు కూడా ఆ ఫోల్డర్లోని లైబ్రరీలనే ముందు ఎత్తుకుని, ఎందుకు పాడయ్యాయో తెలియకుండా పాడవుతాయి.

మ్యాక్‌ఓఎస్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ తప్పులు ఎర్రర్ మెసేజ్ లేకుండా జరుగుతాయి. ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్ కొడితే కమాండ్ లైన్ టూల్స్ వస్తాయి, బిల్డ్‌కు ఎక్స్‌కోడ్ మొత్తం అక్కర్లేదు. వాటిలో జీసీసీ అనే కమాండ్ ఉంటుంది గానీ అది జీఎన్‌యూ కంపైలర్ జీసీసీ కాదు, యాపిల్ క్లాంగ్. కోడ్‌ను సమాంతరంగా నడిపే -ఎఫ్‌ఓపెన్‌ఎంపీ ఇస్తే సపోర్ట్ లేదంటుంది, లిబ్‌ఓఎంపీని వేరుగా తెచ్చుకోవాలి. మేక్ 2006 నాటి జీఎన్‌యూ మేక్ 3.81. బ్యాష్ కూడా 3.2 దగ్గరే ఆగిపోయింది. వీటి తర్వాతి వెర్షన్లు జీపీఎల్ మూడో వెర్షన్ కిందకి మారాయి, యాపిల్ వాటిని తీసుకోలేదు.

ఆ 3.81 ఏం చేస్తుందో దగ్గరగా చూడండి. మీ మేక్‌ఫైల్‌లో .వన్‌షెల్ అని రాశారనుకుందాం. ఒక టార్గెట్ కింది లైన్లన్నీ ఒకే షెల్‌లో నడవాలని దాని అర్థం. ఆ సౌకర్యం 3.82లో వచ్చింది. 3.81కి అది చుక్కతో మొదలయ్యే మరో టార్గెట్ పేరు మాత్రమే, ఏమీ అనకుండా దాటిపోతుంది. ప్రతి లైనూ కొత్త షెల్‌లో నడుస్తుంది, మొదటి లైన్లోని సీడీ (ఫోల్డర్ మార్చే కమాండ్) రెండో లైను నాటికి చెల్లదు, ఫైళ్లు వేరే ఫోల్డర్లో తయారవుతాయి. 4.0లో వచ్చిన ఫైల్ ఫంక్షన్‌దీ ఇదే తంతు. పాత మేక్ దాన్ని విలువ లేని వేరియబుల్‌గా చదివి ఖాళీగా వదిలేస్తుంది, రాయాల్సిన ఫైలు పుట్టదు. మీకు కొత్త మేక్ అవసరమైతే మేక్‌ఫైల్ మొదట్లోనే మేక్_వెర్షన్‌ను పరీక్షించి, ‘బ్రూ ఇన్‌స్టాల్ మేక్ చేసి జీమేక్‌తో నడపండి’ అని ఆపేయండి. బ్యాష్ స్క్రిప్టుల్లో డిక్లేర్ -ఏ పెద్దక్షరంతో, మ్యాప్‌ఫైల్ లాంటివి 3.2లో లేవు. ఫైలులోని టెక్స్ట్ మార్చే సెడ్ -ఐ కూడా ఇక్కడ బీఎస్‌డీ పద్ధతిలో తర్వాతి మాటను బ్యాకప్ ఎక్స్‌టెన్షన్‌గా తీసుకుంటుంది. -ఐ.బ్యాక్ అని ఖాళీ లేకుండా కలిపి రాస్తే రెండు రకాల సెడ్‌లకూ పనికొస్తుంది.

మ్యాక్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూ (బ్రూ కమాండ్ దీనిదే) ఇంటెల్ మెషీన్లలో /యూఎస్ఆర్/లోకల్‌లో, యాపిల్ సిలికాన్‌లో /ఆప్ట్/హోమ్‌బ్రూలో ఉంటుంది. ఈ రెండు దారుల్లో దేన్నీ స్క్రిప్టులో నేరుగా రాయకండి, బ్రూ --ప్రిఫిక్స్ ఇచ్చే జవాబును వాడండి. సిస్టమ్ వాటితో గొడవ రాకూడదని కొన్ని లైబ్రరీలను హోమ్‌బ్రూ మామూలు దారిలో లింక్ చెయ్యదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ విషయంలో చాలాకాలం ఇదే అలవాటుగా ఉండేది. అలా లింక్ కానిచోట, సీమేక్ అనే బిల్డ్ టూల్‌కు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_రూట్_డిర్ ఇచ్చి, బ్రూ --ప్రిఫిక్స్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్@3 విలువను అందులో పెట్టాలి. ఆటోటూల్స్ (ఆటోకాన్ఫ్, ఆటోమేక్ కుటుంబం) అయితే పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌లో ఆ ఫోల్డర్లోని లిబ్/పీకేజీకాన్ఫిగ్‌ను చేర్చాలి. లింకర్ ‘సింబల్స్ నాట్ ఫౌండ్ ఫర్ ఆర్కిటెక్చర్ ఆర్మ్64’ అంటే లైబ్రరీ లేదని కాదు, చాలాసార్లు ఉన్నది ఇంటెల్‌ది అని. పాత మెషీన్ నుంచి హోమ్‌బ్రూను అలాగే మోసుకొచ్చినవాళ్లకూ, ఇంటెల్ ప్రోగ్రాములను నడిపే రోజెటా కింద తెరిచిన టెర్మినల్‌లో హోమ్‌బ్రూ ఇన్‌స్టాల్ చేసినవాళ్లకూ ఇది ఎదురవుతుంది. ఫైల్ అనే కమాండ్‌కు ఆ డైలిబ్ (లైబ్రరీ ఫైలు) ఇస్తే ఏ ఆర్కిటెక్చర్‌దో చెప్పేస్తుంది. ఈ ఒక్క లైను మీ సూచనల్లో ఉంటే ఎంతో మందికి ఒక సాయంత్రం మిగులుతుంది.

టెస్టులు నడిపే మేక్ చెక్ మ్యాక్‌లో మాత్రమే ఫెయిలవుతోందని రిపోర్టులు వస్తే, టెస్ట్ స్క్రిప్ట్ డీవైఎల్‌డీ_లైబ్రరీ_పాత్ మీద ఆధారపడుతోందేమో చూడండి. 2015 నాటి ఎల్ క్యాపిటాన్ నుంచి సిస్టమ్ రక్షణలో ఉన్న ప్రోగ్రాములు మొదలయ్యేటప్పుడు ఆ వేరియబుల్ తుడిచిపెట్టుకుపోతుంది. /బిన్/ఎస్‌హెచ్ కూడా ఆ రక్షణలోదే. ఆర్‌పాత్ పెట్టడమే, అంటే లైబ్రరీల దారిని బైనరీలోనే రాయడమే, సరైన దారి. ఇన్‌స్టాల్_నేమ్_టూల్‌తో బైనరీలో దారులు మారిస్తే దాని సంతకం చెల్లకుండా పోవచ్చు. అలా పోతే యాపిల్ సిలికాన్‌లో ఆ ప్రోగ్రామ్‌ను కెర్నల్ వెంటనే చంపేస్తుంది, తెర మీద ‘కిల్డ్’ అనే ఒక్క మాట కనిపిస్తుంది. కోడ్‌సైన్ -ఎఫ్ -ఎస్ - తో మళ్లీ సంతకం చెయ్యాలి.

విండోస్‌కు వస్తే, ‘విండోస్‌లో కూడా బిల్డ్ అవుతుంది’ అనే వాక్యాన్ని దయచేసి తీసేయండి. విండోస్‌లో కనీసం మూడు వేర్వేరు దారులున్నాయి, మీరు పరీక్షించింది ఏదో చెప్పండి. విండోస్ లోపల లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో బిల్డ్ చేస్తే వచ్చేది లైనక్స్ బైనరీ, విండోస్ ప్రోగ్రామ్ కాదు. విండోస్‌కు యూనిక్స్ తరహా టూల్స్ ఇచ్చే ఎంఎస్‌వైఎస్2లో ఏ షెల్ తెరిచారన్నది ముఖ్యం. యూసీఆర్‌టీ64 షెల్ తెరిచి, మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64-యూసీఆర్‌టీ-ఎక్స్86_64 అనే ముందుపేరున్న ప్యాకేజీలు దాని ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్‌తో ఇన్‌స్టాల్ చేస్తే మామూలు విండోస్ ప్రోగ్రామ్ తయారవుతుంది. ముందుపేరు లేకుండా ఉత్త జీసీసీ ఇన్‌స్టాల్ చేసి ఎంఎస్‌వైఎస్ షెల్‌లో బిల్డ్ చేస్తే ఆ ప్రోగ్రామ్‌కు ఎంఎస్‌వైఎస్-2.0.డీఎల్‌ఎల్ ఎప్పుడూ వెంట ఉండాలి. ఈ తేడా రాయకపోతే సగం మంది రెండో దారిలో పోతారు.

మూడోది మైక్రోసాఫ్ట్ కంపైలర్, ఎంఎస్‌వీసీ. విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్‌లో ‘డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ విత్ సీ++’ అనే వర్క్‌లోడ్ ఎంచుకోవాలి. మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ కంపైలర్ కమాండ్ సీఎల్ కొడితే గుర్తించదు. ‘ఎక్స్64 నేటివ్ టూల్స్ కమాండ్ ప్రాంప్ట్’ తెరవాలి. విజువల్ స్టూడియో జనరేటర్ సీమేక్_బిల్డ్_టైప్‌ను పట్టించుకోదు. బిల్డ్ చేసేటప్పుడు --కాన్ఫిగ్ రిలీజ్ ఇవ్వకపోతే డీబగ్ తయారవుతుంది. దాన్ని రిలీజ్‌లో కట్టిన లైబ్రరీతో కలపబోతే ఎల్‌ఎన్‌కే2038 ఎర్రర్, ‘రన్‌టైమ్‌లైబ్రరీ’ సరిపోలలేదని. ఎంఎస్‌వీసీతో కట్టిన సీ++ లైబ్రరీని మింగ్‌డబ్ల్యూ ప్రోగ్రామ్‌తో కలపడం అసలు కుదరదు, రెంటి ఏబీఐలు (కంపైల్ అయిన కోడ్ ముక్కలు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతులు) వేరు. మైక్రోసాఫ్ట్ ప్యాకేజీ మేనేజర్ వీసీపీకేజీ వాడేవాళ్లకు సీమేక్_టూల్‌చెయిన్_ఫైల్‌ను మొట్టమొదటి కాన్ఫిగర్‌లోనే ఇవ్వాలని గట్టిగా చెప్పండి. తర్వాత చేరిస్తే సీమేక్ పాత క్యాష్‌ను నమ్ముకుని దాన్ని లెక్కచెయ్యదు. బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి.

గిట్ ఫర్ విండోస్‌లో ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ ఆన్‌లో ఉంటే చెకవుట్ చేసేటప్పుడు లైన్ ఎండింగ్‌లు మారిపోతాయి. ఆ షెల్ స్క్రిప్టును డబ్ల్యూఎస్‌ఎల్‌లోనో కంటైనర్‌లోనో నడిపితే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని, బ్యాష్ పేరు పక్కన ^ఎం గుర్తుతో ఆగుతుంది. యూజర్ల సెట్టింగులు మార్చమనడం కన్నా మీ రిపాజిటరీలో .గిట్‌ఆట్రిబ్యూట్స్ పెట్టి షెల్ ఫైళ్లకు ఈఓఎల్=ఎల్‌ఎఫ్ అని రాయడం మేలు. దారి పొడవు 260 అక్షరాలు దాటితే చాలా టూల్స్ ఆగిపోతాయి కాబట్టి డ్రైవ్ మొదట్లోనే చిన్న పేరున్న ఫోల్డర్లో క్లోన్ చెయ్యమని చెప్పండి. యూజర్ పేరులో ఖాళీ ఉన్నా, ఇంగ్లిష్ కాని లిపి ఉన్నా హోమ్ ఫోల్డర్ దారి అలాగే ఉంటుంది. మేక్‌ఫైల్స్ చాలావరకు ఖాళీలున్న దారులను తట్టుకోలేవు. ప్రోగ్రామ్ కట్టాక ఏ మాటా లేకుండా వెంటనే ముగిసిపోతే ఎగ్జిట్ కోడ్ చూడమనండి. -1073741515 అంటే ఏదో డీఎల్‌ఎల్ దొరకలేదని అర్థం. విండోస్‌లో ఆర్‌పాత్ లేదు, కావాల్సిన డీఎల్‌ఎల్‌లు ఈఎక్స్‌ఈ పక్కనో పాత్‌లోనో ఉండాలి.

మీ కోడ్ విషయం ఒకటి. 64 బిట్ విండోస్‌లో లాంగ్ 32 బిట్లే, లైనక్స్, మ్యాక్‌లలో 64. ఫైల్ సైజులను లాంగ్‌లో పెట్టే కోడ్ బిల్డ్ అవుతుంది, టెస్టులూ పాసవుతాయి, 2 గిగాబైట్లు దాటిన ఫైలు దగ్గర పాడవుతుంది. అలాగే లైనక్స్ ఆర్మ్‌లో సైన్ చెప్పని క్యార్ అన్‌సైన్డ్, ఇంటెల్‌లో సైన్డ్.

ఫ్రీబీఎస్‌డీ వాళ్లు అడిగేవి తక్కువే. మేక్ అంటే అక్కడ బీఎస్‌డీ మేక్ కాబట్టి మీకు జీఎన్‌యూ మేక్ అవసరమైతే జీమేక్ అని రాయండి. బ్యాష్ ఉండేది /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో, కాబట్టి స్క్రిప్ట్ మొదటి లైన్లో ఎన్వ్ బ్యాష్ వాడండి. ప్యాకేజీల హెడర్లున్న /యూఎస్ఆర్/లోకల్/ఇంక్లూడ్‌ను అక్కడి క్లాంగ్ తనంతట తాను వెతకదు. పీకేజీ-కాన్ఫిగ్‌ను సరిగా వాడితే ఇది దానంతటదే తీరుతుంది.

టూల్స్ వెర్షన్ల గురించి రాసేటప్పుడు కనీస వెర్షన్‌తో పాటు మీరు పరీక్షించిన గరిష్ఠ వెర్షన్ కూడా ఇవ్వండి. ఏమీ మారని కోడ్ కొత్త కంపైలర్ కింద పడిపోవడం మాకు నిత్యం ఎదురయ్యేదే. 2020 నాటి జీసీసీ 10లో -ఎఫ్‌నో-కామన్ డిఫాల్ట్ అయింది. హెడర్లో ఎక్స్‌టర్న్ లేకుండా గ్లోబల్ వేరియబుల్ రాసిన ప్రాజెక్టులన్నీ ‘మల్టిపుల్ డెఫినిషన్’ అన్నాయి. 2024లో జీసీసీ 14 డిక్లరేషన్ లేని ఫంక్షన్ పిలుపును హెచ్చరిక నుంచి ఎర్రర్‌గా మార్చింది. 2025లో జీసీసీ 15 డిఫాల్ట్‌ను సీ23 చేసింది. ఖాళీ బ్రాకెట్లకు ‘ఆర్గ్యుమెంట్లు లేవు’ అని అర్థం వచ్చింది, బూల్ కీవర్డ్ అయింది, తమ సొంత బూల్ టైప్‌డెఫ్ చేసుకున్న పాత కోడ్ ఆగిపోయింది. అదే ఏడాది వచ్చిన సీమేక్ 4.0, 3.5 కన్నా పాత వెర్షన్ల పద్ధతిని అడిగే ప్రాజెక్టులను తిరస్కరించడం మొదలుపెట్టింది. మాకు తాత్కాలిక మార్గం సీమేక్_పాలసీ_వెర్షన్_మినిమమ్=3.5 అని ఇవ్వడం, మీకు శాశ్వత మార్గం ఆ ఒక్క లైనులో అంకె పెంచి పరీక్షించడం. పైథాన్ 3.12 ప్యాకేజీలు కట్టే డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్‌ను తీసేసినప్పుడు బిల్డ్‌లో ఎక్కడో పైథాన్ స్క్రిప్ట్ వాడే ప్రాజెక్టులకూ, నోడ్.జేఎస్ మాడ్యూళ్లను కట్టే నోడ్-జిప్ (node-gyp) పాత వెర్షన్లకూ అదే జరిగింది.

అందుకే, హెచ్చరికలను ఎర్రర్లుగా మార్చే -డబ్ల్యూఎర్రర్‌ను రిలీజ్ కోడ్‌లో ఆన్ చేసి వదలడం తప్పని మా దృఢమైన అభిప్రాయం. మీ డెవలప్‌మెంట్‌లో అది ఉండాల్సిందే. రిలీజ్‌లో ఉంటే మాత్రం, రేపు వచ్చే కంపైలర్ కనిపెట్టబోయే ఒక కొత్త హెచ్చరిక మీ ఇవాళ్టి రిలీజ్‌ను ఎవరూ బిల్డ్ చేసుకోలేకుండా చేస్తుంది. -మార్చ్=నేటివ్ విషయంలోనూ ఇంతే. ఆ మెషీన్ ప్రాసెసర్‌కే సరిపడే బైనరీ తయారై, వేరే మెషీన్‌లో ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటుంది.

డిస్క్ ఎంత, మెమరీ ఎంత అన్నది ఎవరూ రాయరు, రాయాలి. ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే మేక్ -జేకు అంకె ఇవ్వకపోతే జీఎన్‌యూ మేక్ హద్దు లేకుండా పనులు మొదలుపెడుతుంది. టెంప్లేట్లు ఎక్కువున్న సీ++ కోడ్‌లో ఒక్కో కంపైలర్ ప్రాసెస్‌కు 2 గిగాబైట్ల దాకా పోవచ్చని లెక్క వేసుకోవడం క్షేమం. 8 గిగాబైట్ల మెషీన్‌లో -జే16 ఇస్తే కెర్నల్ కంపైలర్‌ను చంపేస్తుంది. సీసీ1ప్లస్ అనే ప్రోగ్రామ్ సిగ్నల్‌తో ఆగిందని వచ్చే మెసేజ్ చూసి అది కంపైలర్ బగ్ అనుకుంటారు. కోడ్‌లో దోషమేమీ లేదు, -జే తగ్గిస్తే ముందుకు సాగుతుంది. అయితే -జే1తో బిల్డ్ అయ్యి -జే8తో అప్పుడప్పుడు పడిపోయేది మాత్రం మీ మేక్‌ఫైల్ లోపమే. తయారుచేసి తీరాల్సిన ఒక హెడర్‌ను డిపెండెన్సీగా చూపించలేదన్నమాట. ‘సింగిల్ జాబ్‌తో నడపండి’ అని రాసి వదిలెయ్యకుండా ఆ లైను చేర్చండి.

ప్యాకేజీలు కట్టేవాళ్ల మాట కూడా వినండి. డిస్ట్రిబ్యూషన్ల బిల్డ్ మెషీన్లకు సాధారణంగా ఇంటర్నెట్ ఉండదు. కాన్ఫిగర్ సమయంలో సీమేక్‌లోని ఫెచ్‌కంటెంట్‌తో లైబ్రరీలను దించుకునే ప్రాజెక్టు అక్కడ మొదటి నిమిషంలోనే ఆగుతుంది. సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీని వాడే ఆప్షన్ తప్పక ఉంచండి. రస్ట్ అయితే డిపెండెన్సీల కచ్చితమైన వెర్షన్లున్న కార్గో.లాక్‌ను రిపాజిటరీలో ఉంచి, --లాక్డ్‌తో బిల్డ్ చెయ్యమని రాయండి. ఫైళ్లను ముందు వేరే ఫోల్డర్లో పెట్టించే డెస్ట్‌డిర్‌ను గౌరవించండి, ఇన్‌స్టాల్ చోటు చెప్పే ప్రిఫిక్స్‌ను గౌరవించండి, మేము ఇచ్చిన సీఫ్లాగ్స్‌ను (కంపైలర్ ఆప్షన్లను) మీవాటితో తుడిచెయ్యకండి. మామూలు యూజర్‌కు మేక్ ఇన్‌స్టాల్‌ను సుడోతో నడపమని చెప్పే ముందు, హోమ్ ఫోల్డర్లోని .లోకల్‌ను ప్రిఫిక్స్‌గా ఇచ్చే దారిని ముందు చూపించండి. అన్‌ఇన్‌స్టాల్ టార్గెట్ లేకపోతే ఏ ఫైళ్లు ఎక్కడికి వెళ్లాయో ఇన్‌స్టాల్_మ్యానిఫెస్ట్.టీఎక్స్‌టీలో ఉంటుందని సీమేక్ ప్రాజెక్టులైనా చెప్పాలి. బిల్డ్ ఫోల్డర్ తీసేస్తే ఆ జాబితా కూడా పోతుందని పక్కనే రాయాలి.

‘మా సీఐ (ప్రతి మార్పుకూ దానంతటదే నడిచే పరీక్ష) మూడు సిస్టమ్‌ల మీదా పచ్చగా ఉంది కదా’ అని మీరనవచ్చు. అందుకు గిట్‌హబ్ యాక్షన్స్ ఇచ్చే రన్నర్లలో (పరీక్షలు నడిపే మెషీన్లలో) కంపైలర్లు, సీమేక్, పైథాన్, ఇంకా బోలెడు లైబ్రరీలు ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటాయి. మీ సూచనల్లో తప్పిపోయిన ప్యాకేజీ అక్కడ ఉండనే ఉంటుంది, అందుకే లోపం బయటపడదు. లైనక్స్ వరకు డెబియన్, ఫెడోరా, ఆల్పైన్‌ల ఉత్త కంటైనర్లలో (మిగతా సిస్టమ్‌తో సంబంధం లేకుండా కొత్తగా మొదలయ్యే పరిసరాల్లో) నడపండి. డెబియన్ మామూలు ఇమేజ్‌లో గిట్ కూడా ఉండదు, సర్టిఫికెట్లు కూడా ఉండవు, నిజమైన పరీక్ష అదే. ఇంకొంచెం శ్రమ పడగలిగితే సూచనల ఫైలులోని కమాండ్లనే సీఐ చదివి నడిపేలా పెట్టండి. అప్పుడు రాసినదీ పరీక్షించినదీ ఒకటే అవుతుంది, రెండు చోట్లా విడివిడిగా దిద్దే పని ఉండదు. మ్యాక్, విండోస్‌లకు కంటైనర్లతో ఇంత తేలిగ్గా కుదరదు కాబట్టి ప్రతి పెద్ద రిలీజ్‌కు ముందు కొత్త వర్చువల్ మెషీన్‌లో ఒకసారైనా చేతితో నడిపి, ఏ తేదీన, ఏ ఓఎస్ వెర్షన్‌లో, ఏ కంపైలర్‌తో నడిచిందో ఆ ఫైలులోనే రాయండి. మూడేళ్లుగా ఎవరూ పరీక్షించని సిస్టమ్ ఉంటే ఆ మాటే నిజాయితీగా రాయండి. దానికి మేము కోపగించుకోం, మాలో ఎవరో ఒకరు ఆ పని తీసుకుంటారు.

రిపోర్టులు ఎలా పంపాలో కూడా చెప్పండి. ఆటోటూల్స్ అయితే కాన్ఫిగ్.లాగ్, మీసన్ అయితే మీసన్-లాగ్.టీఎక్స్‌టీ, సీమేక్ అయితే సీమేక్‌క్యాష్.టీఎక్స్‌టీ, మేక్‌ను వీ=1తోనో నింజాను -వీతోనో నడిపిన పూర్తి అవుట్‌పుట్, కంపైలర్ --వెర్షన్, కమిట్ హ్యాష్ (గిట్‌లో కోడ్ ఏ మార్పు దగ్గరుందో చెప్పే గుర్తు). చివరి ఎర్రర్ కాదు, మొదటి ఎర్రర్ కావాలని రాయండి. సమాంతరంగా నడిచే బిల్డ్‌లో అసలు కారణం వందల లైన్ల పైన ఉండిపోతుంది. ఇవన్నీ జతచేసి పంపే బాధ్యత మాది. ఏ డిస్ట్రిబ్యూషన్‌లో ఏ ప్యాకేజీ పేరు మారింది, ఏ కంపైలర్ కొత్తగా ఏమంటోంది అన్నది మాకు ముందుగా తెలుస్తుంది కాబట్టి, ఆ లైన్లు దిద్దిన ప్యాచ్‌లు మేమే పంపుతాం. కోడ్ ప్యాచ్‌లను చూసినంత త్వరగా వాటినీ చూసి కలపండి.

ఇట్లు,
మీ సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసుకునేవాళ్లం